చరిత్రలో ఈ రోజు: ఒక తేదీ కార్డును తయారు చేసే పద్ధతి

బడిలో ప్రార్థన సమయంలో చదివించడానికో, గ్రంథాలయం గుమ్మం దగ్గరి బోర్డు మీద రాయడానికో ‘చరిత్రలో ఈ రోజు’ శీర్షికను సిద్ధం చేసేవారు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. అయితే ఫోన్‌కు వచ్చిన పది వాక్యాలను ఉదయాన్నే హడావుడిగా ఎత్తి రాయడం వల్ల, వాటిలో ఉన్న తప్పు కూడా పిల్లల నోటుపుస్తకాల్లోకి ఎక్కి అక్కడే స్థిరపడుతుంది. అందుకని రోజుకొకటి చొప్పున 366 అట్ట కార్డులను తీరిక సమయంలో ముందుగానే తయారు చేసుకోవడం మేలు. కార్డుకు రెండు మూడు సంఘటనలకు మించి అక్కరలేదు. కార్డు వెనుక వైపున ఆ తేదీని ఏ పుస్తకంలో, ఏ పుటలో చూశామో పెన్సిలుతో తప్పక రాసుకోవాలి.

నమూనాగా డిసెంబరు 15ను తీసుకుందాం. 1950లో ఆ రోజున సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ బొంబాయిలో కన్నుమూశారు. సరిగ్గా రెండేళ్లకు, 1952లో అదే రోజు రాత్రి, ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేస్తున్న పొట్టి శ్రీరాములు మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ప్రాణాలు విడిచారు. చిత్రకారుడు, దర్శకుడు బాపు 1933లో పుట్టింది కూడా డిసెంబరు 15నే. ఈ మూడింటిని వరుసగా రాసి వదిలేస్తే అది ఉత్త జాబితా అవుతుంది. మొదటి రెండింటి మధ్య ఉన్న అసలు సంబంధాన్ని చెప్పినప్పుడే కార్డుకు విలువ వస్తుంది. భాషా ప్రాతిపదికన రాష్ట్రాల ఏర్పాటును పరిశీలించిన జె.వి.పి. కమిటీలో జవహర్‌లాల్ నెహ్రూ, పట్టాభి సీతారామయ్యలతో పాటు పటేల్ కూడా సభ్యుడు. మద్రాసు నగరంపై ఆంధ్రులు ఆశ వదులుకుంటేనే ఆంధ్ర రాష్ట్రం సంగతి ఆలోచించవచ్చని 1949లో ఆ కమిటీ చెప్పింది. మద్రాసుతో కూడిన ఆంధ్ర రాష్ట్రం కావాలని పట్టుబట్టి శ్రీరాములు దీక్షకు కూర్చున్నారు. ఇద్దరూ ఒకే తేదీన పోవడం కేవలం కాకతాళీయమనీ, ఇద్దరి జీవితాలూ ఒకే ప్రశ్న దగ్గర కలవడం మాత్రం చరిత్ర అనీ పిల్లలకు విడమరచి చెప్పాలి.

అదే కార్డులో దీక్ష ఎన్ని రోజులు సాగిందో కూడా రాయవలసి వస్తుంది. దీక్ష 1952 అక్టోబరు 19న మొదలైంది. ఒక తేదీలోంచి మరొక తేదీని తీసివేసి లెక్కగట్టేవారికి 57 వస్తుంది. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే అక్టోబరులో 13, నవంబరులో 30, డిసెంబరులో 15, మొత్తం 58 రోజులు. దీక్ష చేసిన మనిషికి మొదటి రోజు ఆకలి కూడా ఆకలే కాబట్టి 58 అని రాయడమే న్యాయం. ఇలాంటి చోట వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకోవడానికి వెనుకాడకూడదు. కార్డు అడుగున ‘డిసెంబరు 19, అక్టోబరు 1 కూడా చూడండి’ అని రాస్తే, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రాన్ని ప్రకటించిన రోజు, 1953లో కర్నూలు రాజధానిగా ఆ రాష్ట్రం అవతరించిన రోజు పాఠకుడికి వరుసగా దొరుకుతాయి.

పాత కాలపు తేదీలకు ఇంకా ఎక్కువ జాగ్రత్త అవసరం. కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనం శ్రీకృష్ణదేవరాయల మరణాన్ని పేర్కొంటుంది. అందులో ఉన్నది శక సంవత్సరం 1451, విరోధి నామ సంవత్సరం, కార్తిక పౌర్ణమి, ఆదివారం. ఉగాది నుంచి డిసెంబరు చివరి వరకు వచ్చే తిథులకు శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది కాబట్టి అది 1529. చరిత్రకారులు దాన్ని అక్టోబరు 17గా లెక్కగట్టారు. అయితే ఆ తేదీని కంప్యూటర్ క్యాలెండర్‌లో వెతికితే చాలాసార్లు గురువారం అని చూపిస్తుంది. తప్పు శాసనానిది కాదు. నేటి గ్రెగోరియన్ క్యాలెండర్ 1582లో అక్టోబరు 4 తరువాతి రోజును 15గా లెక్కించి మొదలైంది. అంతకు ముందటి తేదీలను చరిత్రకారులు జూలియన్ క్యాలెండర్‌లో రాస్తారు. నేటి లెక్కనే వెనక్కి పొడిగించే క్యాలెండర్‌లో చూడవలసింది పది రోజులు కలిపిన అక్టోబరు 27, అది ఆదివారమే. వారం సరిపోయిందంటే తేదీ నిలబడినట్టే. కార్డును మాత్రం అక్టోబరు 17లోనే ఉంచి, పక్కన ‘జూలియన్’ అని రాయాలి. లేకపోతే ఏ పుస్తకంతోనూ పొంతన కుదరదు.

ఈ తేడా తెలియకనే షేక్‌స్పియర్, సెర్వాంటెస్ 1616 ఏప్రిల్ 23న ఒకే రోజు పోయారని చాలామంది రాస్తుంటారు. అప్పటికి స్పెయిన్ కొత్త క్యాలెండర్‌లో, ఇంగ్లండ్ పాతదానిలో ఉన్నాయి. కాబట్టి తేదీ అంకె ఒకటే అయినా రోజులు వేరు.

తిథులను బట్టి జరుపుకొనే స్మరణలతోనూ ఇదే చిక్కు. త్యాగరాజస్వామి 1847 జనవరి 6న సిద్ధి పొందారు. ఆరాధన మాత్రం పుష్య బహుళ పంచమి నాడు జరుగుతుంది కాబట్టి ఏటా తేదీ మారుతుంది. కార్డు జనవరి 6లో ఉండాలి. ఆ ఏటి పంచమి తేదీని పంచాంగం చూసి ఒక చిన్న చీటీ మీద రాసి దానికి అతికించుకోవచ్చు.

ఏ దేశపు గడియారాన్ని బట్టి రాస్తున్నామన్నది కూడా తేల్చుకోవాలి. అపోలో 11 చంద్రుడిపై దిగింది 1969 జులై 20న అని అందరూ రాస్తారు, అది అమెరికా తేదీ. అప్పుడు మన దేశంలో 21వ తేదీ తెల్లవారుజామున 1 గంట 47 నిమిషాలైంది. కార్డును 20లోనే ఉంచి మన సమయాన్ని కూడా జోడిస్తే, ఆ క్షణంలో మన తాతలు నిద్రలో ఉన్నారన్న సంగతి పిల్లలకు కళ్లకు కడుతుంది.

అన్నింటికన్నా కష్టమైనది పేరు పెట్టడం. సెప్టెంబరు 17ను కొందరు విమోచన దినమనీ, కొందరు విలీన దినమనీ, మరికొందరు సమైక్యతా దినమనీ అంటారు. ఒక్కో పేరు వెనుకా ఒక్కో అనుభవం ఉంది. కార్డులో పేరుకన్నా ముందు జరిగిన పనిని రాయడం ఉత్తమమని నా అభిప్రాయం. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది, 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించారు, 18న సంస్థాన సేనాధిపతి ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి ఎదుట లొంగిపోయారు. ఈ మూడు క్రియలను మూడు తేదీలకు సరిగా ముడివేసిన తరువాత, పేర్లన్నింటినీ చివరి వాక్యంలో చెప్పవచ్చు. 17 నాడే లొంగుబాటు జరిగిందని రాస్తే, ఎంత మంచి ఉద్దేశంతో రాసినా అది తప్పే.

వాక్యం రాసేటప్పుడు ఎవరు, ఎక్కడ, ఏం చేశారు అన్నవి మొదటి పది మాటల్లోనే రావాలి. ‘మహత్తరమైన’, ‘చిరస్మరణీయమైన’ వంటి విశేషణాల చోటును ఒక ఊరి పేరుకు ఇవ్వడం మంచిది. ఆగస్టు 29 కార్డులో ‘వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి 1863లో శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు’ అని రాస్తే, ఆ రోజు తెలుగు భాషా దినోత్సవం ఎందుకైందో మళ్లీ వివరించనక్కరలేదు. హాకీ క్రీడాకారుడు ధ్యాన్‌చంద్ పుట్టింది కూడా ఆ తేదీనే, 1905లో. ఆటలంటే ఇష్టమున్న పిల్లవాడి చేత ఆ వాక్యాన్ని చదివించవచ్చు.

366వ కార్డు ఫిబ్రవరి 29ది. 1896లో మొరార్జీ దేశాయి, 1904లో నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరుండేల్ పుట్టింది ఆ రోజునే. లీపు సంవత్సరం కోసం నాలుగేళ్లు ఆగితే కొందరు పిల్లలు ఆ కార్డును చూడకుండానే బడి దాటిపోతారు. కనుక మామూలు సంవత్సరాల్లో దాన్ని ఫిబ్రవరి 28 కార్డు పక్కనే, తేదీ మార్చకుండా, బోర్డుకు పెట్టాలి.