కోచ్ రాసిన ప్రోగ్రామ్ మన ఒంటికి పడుతుందా? ముందు కాగితం మీద తేల్చుకోండి

మొన్న ఆదివారం మా అక్క కొడుకు మా కిరాణా కొట్టుకు వచ్చి ఫోన్ చూపించాడు. "మామయ్యా, రేపట్నుంచి ఇది మొదలెట్టనా?" రష్యన్ కోచ్ బోరిస్ షేకో రాసిన, బరువులెత్తే ప్రోగ్రామ్. ఒకే రోజు ఒకే లిఫ్ట్ (బరువెత్తే వ్యాయామం) రెండుసార్లు, లెక్కలేనన్ని సెట్లు. పోటీలకెళ్లే పవర్‌లిఫ్టర్ల సరుకది. వీడు జిమ్‌లో చేరి మూడు నెలలు. "మూసెయ్‌రా," అన్నాను.

కోచ్ పేరు, ముందూ తర్వాతా ఫొటోలు పక్కన పెట్టండి. పెన్సిల్ తీసి మూడే రాయండి: ఎంత బరువుతో మొదలు, ఎన్నాళ్లకోసారి ఎంత పెంచమన్నాడు, మూడు నెలలకు ఎంతవుతుంది.

నేను 2019లో ఈ లెక్క వేసుకోలేదు. టెక్సాస్ కోచ్ మార్క్ రిప్పటో పద్ధతి మొదలెట్టా: వారానికి మూడు రోజులు, ప్రతిసారీ స్క్వాట్ (భుజాల మీద బరువుతో గుంజీలు) ఐదేసి చొప్పున మూడు సెట్లు, ప్రతిసారీ బరువు పెంచాలి. 50 కిలోలతో మొదలెట్టి రెండున్నర చొప్పున పెంచితే పన్నెండు వారాలకు 140 దగ్గరికి చేరాలి. ఏడో వారం మొదట్లో, 95 దగ్గర, నడుం పట్టేసింది. తప్పు ఆయనది కాదు. అది కొత్తవాళ్ల దశ, ఎప్పుడో ఆగిపోతుందని ఆయనే చెప్పాడు. నాకప్పుడు 39 ఏళ్లు, తెల్లారి ఐదున్నరకు కిరాణా కొట్టు తెరవాలి, నిద్ర ఐదు గంటలు. ఆయన బక్కపల్చని కుర్రాళ్లను రోజుకో గాలన్ పాలు తాగమన్నాడు, అంటే మూడు లీటర్ల ముప్పావు. అది చదివినప్పుడైనా ఇది నాకోసం రాసింది కాదని తట్టాలి!

తర్వాత జిమ్ వెండ్లర్ అనే అమెరికన్ కోచ్ పద్ధతికి మారా. ఒక్కసారి 100 కిలోలు ఎత్తగలిగితే లెక్కంతా 90 మీదే. మొదటి వారం అందులో 65, 75, 85 శాతం: 58.5, 67.5, 76.5. మూడు వారాలు కష్టం, నాలుగో వారం తేలిక. ఆ తర్వాత స్క్వాట్‌కు ఐదు కిలోలు, బెంచ్‌కు (పడుకుని ఛాతీ మీంచి బరువెత్తడం) రెండున్నర పెరుగుతాయి. మూడు నెలలకు స్క్వాట్‌లో పెరిగేది 15 కిలోలు. అల్లుడికి నవ్వొచ్చింది. కానీ చివరి సెట్‌లో ఓపికున్న రోజు ఎన్నయినా లాగొచ్చు, లేని రోజు రాసినన్ని చేసి ఇంటికెళ్లొచ్చు. సరుకు దిగిన రోజు నాకు అదే కావాలి. పోటీలో వెయ్యి పౌండ్లు స్క్వాట్ చేసినవాడే నెలకు ఐదు కిలోలు చాలంటున్నాడు మరి.

ఇంకోటి ఎవరూ చూడరు: మీ జిమ్‌లో అన్నిటికంటే చిన్న ప్లేటు ఎంత? మా దగ్గర రెండున్నర. రెండు వైపులా వేస్తే ఐదు. స్క్వాట్‌కు ఫర్వాలేదు. తలపైకెత్తే ప్రెస్ 30 దగ్గరుంటే ఐదు కిలోలంటే ఆరో వంతు, ఒక్కసారిగా! కాగితం మీద ఎంత చక్కటి ప్రోగ్రామైనా అక్కడ ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక మూలన పడ్డ అరకిలో తూకపు రాళ్లు రెండు పట్టుకెళ్లి, సైకిల్ ట్యూబు ముక్కతో చెరో వైపు ప్లేటుకు బిగించి కట్టా. జిమ్ ఓనర్ నవ్వాడు. నెల తిరిగేసరికి అతనే, "ఇంకో జత ఉందా అన్నా?" అని అడిగాడు.

బరువు లేవకపోతే ఏం చెయ్యాలో రాయని ప్రోగ్రామ్‌ని నేనైతే ముట్టను. వెండ్లర్ బరువు తగ్గించుకుని మళ్లీ ఎక్కమంటాడు. "పట్టు వదలకు" అని మాత్రమే రాసేవాడికి డబ్బు కట్టకండి.

అల్లుడికి పంతొమ్మిదేళ్లు, 56 కిలోలు, తొమ్మిది గంటలు నిద్రపోతాడు. వాడికి రిప్పటోదే సరి. అప్పుల పద్దు పుస్తకం వెనక పేజీలో 40, 42.5, 45 అని రాసిచ్చా. కిలోంబావు ప్లేట్ల జత కొనుక్కోమన్నా. తూకపు రాళ్లు మాత్రం ఇవ్వలేదు.