సీజన్ దగ్గు అనుకునే ముందు ఇంట్లో ఇంకెవరు దగ్గుతున్నారో చూడండి

పోయిన వారం మా బస్తీలో నాలుగేళ్ల బాబుకి ఫిట్స్ వస్తే ఆస్పత్రిలో చేర్చారు. మెదడు పొరలకు టీబీ. అంతకు ముందు మూడు వారాలు జ్వరం, వాంతులు, ఎప్పుడూ మత్తుగా పడుకోవడం. చూసిన ఇద్దరు డాక్టర్లూ ఒకటే అడిగారు: ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? లేదన్నారు. అదే ఇంట్లో చిన్నాన్న రెండు నెలలుగా టీబీ గోలీలు మింగుతున్నాడు. పెళ్లిచూపులు నడుస్తున్నాయని దాచారు.

పిల్లల వార్డులో ఇరవై ఏళ్లు నర్సుగా చేసి రిటైరయ్యాను. చేతులు కడుక్కోండి, మాస్కు పెట్టుకోండి అని మళ్లీ చెప్పను. ఒక్కటే చెబుతాను: డాక్టరు దగ్గర దాచకండి.

పెద్దవాళ్ల టీబీ తెమడలో దొరుకుతుంది. చిన్నపిల్లలు తెమడ ఉమ్మరు, మింగేస్తారు. వాళ్లలో క్రిములూ తక్కువే. తెల్లారగట్ల పరగడుపున ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, కడుపులోని నీరు తీసి సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని వెతికే) పరీక్షకు పంపినా చాలాసార్లు నెగెటివే వస్తుంది. అలాంటప్పుడు డాక్టరుకి పెద్ద ఆధారం మీ నోటిమాటే. పసిపిల్లలకు టీబీ ఎక్కువగా దగ్గర మసిలే పెద్దవాళ్ల నుంచే వస్తుంది. తాతయ్య కావచ్చు, ట్యూషన్ టీచర్ కావచ్చు. దాచకండి.

ఆ చిన్నాన్నకు జబ్బు తేలిన రోజే బాబుని కూడా చూపించి ఉంటే? జబ్బు లేదని తేలాక నివారణ మందు మొదలుపెట్టేవారు. ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. బీసీజీ వేయించాం కదా అంటారు. ఆ బాబు భుజం మీదా మచ్చ ఉంది. ఆ టీకా తీవ్రమైన రకాల నుంచి చాలావరకు కాపాడుతుంది, అందరినీ కాదు.

వానలు పడితే హైదరాబాదులో ప్రతి దగ్గూ సీజన్ దగ్గే. దగ్గుగానీ జ్వరంగానీ రెండు వారాలు దాటితే, బరువు తగ్గుతుంటే, మెడలో నొప్పిలేని గడ్డ కనిపిస్తే ఇక ఆగొద్దు. దగ్గర్లోని బస్తీ దవాఖానాలో అడగండి, లేదా నీలోఫర్ పిల్లల ఆస్పత్రికి వెళ్లండి.

మెడికల్ షాపులో అడిగి లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తేవొద్దు. అది టీబీని కాస్త అణచి, జబ్బు బయటపడటాన్ని ఆలస్యం చేస్తుంది.

స్టిరాయిడ్ సిరప్ సొంతంగా పోయొద్దు.

రక్తంలో యాంటీబాడీలు చూసి టీబీ చెబుతామనే ల్యాబు నుంచి లేచి వచ్చేయండి. ఆ పరీక్షల్ని 2012లోనే నిషేధించారు.

చేతి చర్మం మీద చేసే టీబీ పరీక్ష, మాంటూ వేయించాక 48 నుంచి 72 గంటల మధ్య చెయ్యి చూపించాలి. ఆదివారం వస్తుందేమో ముందే లెక్క చూసుకోండి.

మూత్రం నారింజ రంగులో వస్తే అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు వల్ల. మందు ఆపొద్దు.

కళ్లు పచ్చబడితే అదే రోజు చూపించండి. మెడ వంచలేకపోయినా, పిలిస్తే పలక్కపోయినా తెల్లారేదాకా ఆగొద్దు.

మందు మొదలైన రెండు నెలలకే పిల్లాడికి బుగ్గలు వస్తాయి. అప్పుడే ఆపేస్తారు. ఆపకండి. ఊపిరితిత్తుల టీబీకి మామూలుగా ఆరు నెలలు, మెదడుకి పాకితే ఏడాది.

నెలనెలా బరువు తూచండి, డోసు దాన్నిబట్టే.

నిక్షయ్‌లో, అంటే ప్రభుత్వ టీబీ రోగుల నమోదులో, పేరు రాయించండి. పోషణకు నెలకు 1000 రూపాయలు వస్తాయి.

అత్తగారి ముందు నోరు విప్పలేకపోతే ఓపీ చీటీ వెనక రాసి ఇవ్వండి: ఎవరు దగ్గుతున్నారు, ఎన్నాళ్లుగా, ఏ గోలీలు వాడుతున్నారు.