శోధన వచ్చే వేళను ముందే పట్టుకోవడం

ఆదివారం మందిరంలో కన్నీళ్లు పెట్టుకుని ప్రార్థిస్తాం. శనివారం కూలి డబ్బులు చేతిలో పడగానే కాళ్లు మళ్లీ అదే కల్లు దుకాణం వైపు తిరుగుతాయి. భక్తి తక్కువై కాదు, శోధన, అంటే పాపంలోకి లాగే ఆశ, ఏ దారిన వస్తుందో చూసుకోక.

ముందు ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రెండు వారాలపాటు, పడినప్పుడూ పడబోయి ఆగినప్పుడూ నాలుగు సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఎక్కడ, పక్కన ఎవరు, దానికి గంట ముందు ఏం జరిగింది. నాలుగోదే అసలుది. యాకోబు 1:14లో ‘మరులుకొల్పబడినవాడై’ అని ఉంది కదా, గ్రీకులో అది ఎర చూపి లాగడానికి వాడే మాట. సాగర్ నీళ్లలో గాలం వేసేవాళ్లు ఏ చేపకు ఏ ఎరో చూసే వేస్తారు. మీ ఎర అలసటా, ఇంట్లో మాటపట్టింపా, అందరూ పడుకున్నాక చేతిలో ఉండే ఫోనా అన్నది ఆ పేజీల్లో తేలుతుంది.

తేలాక ఏర్పాటు మార్చాలి. కూలి డబ్బు ఇంట్లో ఇచ్చేదాకా ఆ దుకాణం వీధిలోకి పోవద్దు. ఫోన్ ఛార్జింగ్ ముందు గదిలో పెట్టండి. యజమాని భార్య పాపానికి పిలిస్తే యోసేపు మొదట మాటలతోనే కాదన్నాడు (ఆదికాండం 39:8, 9). ఆమె అతని వస్త్రం పట్టుకున్నాక మాత్రం మాట్లాడుతూ నిలబడలేదు, దాన్ని వదిలేసి బయటికి పరుగెత్తాడు.

ఇక వాక్యం. కొత్త సంవత్సరం రోజు తీసిన, ఒక్క వచనం రాసి ఉండే వాగ్దానం కార్డు గోడకు బాగుంటుంది, శోధనలో అక్కరకు రాదు. మత్తయి 4లో సాతాను శోధించినప్పుడు యేసు మూడుసార్లు జవాబిచ్చాడు. ఆ మూడూ ద్వితీయోపదేశకాండం 8:3, 6:16, 6:13 నుంచే, అంటే మూడు అధ్యాయాల లోపలివే. సాతాను కూడా వాక్యమే ఎత్తాడు, కీర్తన 91:11. కాకపోతే ‘నీ మార్గములన్నిటిలో’ అన్న ముక్క వదిలేశాడు. అందుకే ఒక్క వచనం ఏరుకోకుండా, దాని ముందూ వెనకా పది వచనాలు చదవండి.

మొదలుపెట్టేవాళ్లు మార్కు సువార్త తీసుకోండి: 16 అధ్యాయాలు, రోజుకొకటి. పత్తి ఏరే రోజుల్లో తెల్లారేసరికే చేనుకు పోవాలి కాబట్టి ముందురోజు రాత్రి భోజనానికి ముందే చదవండి. తిన్నాక కళ్లు మూతపడతాయి. ఇరవై నిమిషాలు చాలు. మొదటిసారి పైకి చదవండి, రెండోసారి పెన్సిలుతో. ఎవరు ఎవరితో అంటున్నారు, ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది, చేయమన్నదేమిటి, వీటికి గుర్తు పెట్టండి. మన బైబిలు గ్రాంథికంలో ఉంది, అర్థం కాని మాట కింద గీత గీసి పాస్టరు అయ్యగారిని అడగండి.

బైబిలంతా ఏడాదిలో ముగించాలంటే 1189 అధ్యాయాలకు రోజుకు మూడు, ఆదివారం ఐదు. జనవరిలో ఆదికాండంతో ఎత్తుకున్నవాళ్లలో చాలామంది ఫిబ్రవరిలో లేవీయకాండం బలుల దగ్గర ఆగిపోతారు. ఆగితే వదిలేసిన రోజులు లెక్కపెట్టకుండా ఆనాటి భాగం నుంచే పట్టుకోండి.

కంఠతకు వారానికి ఒక్క వచనం, అదీ మీ ఎరకు సరిపడేది. చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకోండి.

పడిపోతే ఆ రోజే 1 యోహాను 1:9 పట్టుకుని ఒప్పుకోండి. నమ్మకమైన ఒక్కరికి చెప్పండి, మగవాళ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు ఆడవాళ్లకు. సాక్ష్యాల కూటంలో చెబితే మర్నాటికి ఊరంతా తెలుస్తుంది.

కల్లు మానేవాళ్ల విషయం వేరు. పాలమూరు, నల్లగొండ వైపు కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు దొరికాయి. ఏళ్లుగా తాగినవాళ్లు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, పొంతన లేని మాటలొస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. దాన్ని దయ్యమనుకుని మందిరంలో కట్టి కూర్చోబెట్టొద్దు. ప్రార్థిస్తూనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోండి. ఎన్నేళ్లుగా, రోజుకు ఎన్ని సీసాలు తాగేవారో, ఆఖరుసారి ఎప్పుడు తాగారో డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి.