ఎన్‌క్రిప్టెడ్ చాట్ యాప్ పెడుతున్నారా? బిల్లు ఎవరు కడతారో ముందే తేల్చుకోండి

యాడ్స్ ఉండవు, డేటా అమ్మం, పైగా అంతా ఫ్రీ. ఈ మూడూ ఒకే ఊపులో చెప్పేసి చాట్ యాప్ మొదలుపెట్టేవాళ్ళని నెలాఖరుకి సర్వర్ బిల్లు సంగతేంటి అని అడిగితే "ముందు యూజర్లు రానీండి, తర్వాత చూద్దాం" అంటారు. మామూలు యాప్ అయితే ఆ మాట కొన్నాళ్ళు నడుస్తుంది. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టాక మాత్రం మెసేజ్‌లో ఏముందో మీకే తెలియదు కాబట్టి, తర్వాత అమ్ముకుందామన్నా చేతిలో సరుకుండదు.

ముందు ఖర్చు చూడండి. విరాళాల మీద నడిచే ఎన్‌క్రిప్టెడ్ చాట్ యాప్ సిగ్నల్ వాళ్ళు 2023 నవంబర్‌లో తమ లెక్కలు బయటపెట్టారు. సాంకేతిక ఏర్పాట్లకే ఏడాదికి సుమారు 1.4 కోట్ల డాలర్లు, జీతాలు వేరే. అందులో పెద్ద పద్దు సర్వర్లు అనుకుంటాం, కానీ కాదు, రిజిస్ట్రేషన్ ఓటీపీలు! వాటికే దాదాపు 60 లక్షల డాలర్లు, సర్వర్లకి అందులో సగమే. మన దేశంలో డీఎల్‌టీ రిజిస్ట్రేషన్ (కంపెనీలు పంపే ఎస్సెమ్మెస్‌లకి టెలికాం వాళ్ళ దగ్గర చేయించుకునే నమోదు) ఉన్న రూట్లో ఓటీపీ పైసల్లో పోతుంది, అదే గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళ నంబర్‌కి పంపితే రూపాయల్లోకి వెళ్తుంది. దీనికి తోడు, ఓటీపీలు వేలకొద్దీ కావాలని రప్పించుకుని, వాటి మీద టెలికాం వాళ్ళకి వచ్చేదాంట్లో వాటా తినే మోసగాళ్ళున్నారు. అందుకే 'మళ్ళీ పంపు' బటన్‌కి టైమర్ పెట్టండి, దేశాలవారీగా రోజువారీ పరిమితి పెట్టండి, కుదిరితే త్రీమా అనే చాట్ యాప్‌లాగా ఫోన్ నంబర్ లేకుండానే అకౌంట్ ఇవ్వండి. అప్పుడు స్నేహితుల్ని వెతుక్కోవడం కాస్త కష్టమవుతుంది, స్పామ్ అకౌంట్లని ఆపే పని కూడా మీ మీదే పడుతుంది, నిజమే, అయినా నా ఓటు దానికే.

ఇక గుడ్‌మార్నింగ్ వీడియోలు. 20 ఎంబీ వీడియో 200 మంది ఉన్న గ్రూపులో పడితే, అందరూ దించుకునేసరికి మీ సర్వర్ నుంచి దాదాపు 4 జీబీ బయటికి వెళ్తుంది. అదే వీడియో ఇంకో గ్రూపుకి కొత్త కీతో, అంటే కొత్త తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ అయి వెళ్తే సర్వర్ కంటికి అది వేరే ఫైలే, ఒకే కాపీ దాచి సరిపెట్టుకునే వీలుండదు. సైజు పరిమితి, కొన్ని రోజులకి సర్వర్‌లోంచి చెరిపేయడం, ఈ రెండూ మొదటి రోజు నుంచే పెట్టండి. తర్వాత పెడితే జనం తిడతారు.

మరి కట్టేదెవరు? నా లెక్కలో ముందు ఆఫీసులు. త్రీమా మామూలు జనానికి ఒక్కసారి డబ్బు తీసుకుని యాప్ ఇస్తుంది, సంస్థలకి మాత్రం మనిషికింత అని చందా. వైర్ అనే చాట్ యాప్ కూడా సంస్థల వైపే జరిగిపోయింది. ఫ్రాన్స్ ప్రభుత్వం వాడే చాప్ యాప్ మ్యాట్రిక్స్ అనే, ఎవరైనా వాడుకోగల చాట్ వ్యవస్థ మీద కట్టిందే. మన దగ్గర ఓ సీఏ ఆఫీసు తీసుకోండి. క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు అన్నీ జూనియర్ సొంత ఫోన్‌లోని చాట్‌లోకి వస్తాయి, అతను ఉద్యోగం మానేస్తే అవన్నీ అతనితోనే పోతాయి. మీరు అక్కడ అమ్మాల్సింది "మిలిటరీ స్థాయి భద్రత" కాదు. మానేసినవాడి అకౌంట్‌ని, యాప్‌లోని ఫైళ్ళతో సహా, ఆఫీసు నుంచే తీసేయగలగడం, జీఎస్టీ ఇన్‌వాయిస్, ఫోన్ చేస్తే ఎత్తే మనిషి. మొదటి మీటింగ్‌లోనే ఓనరు "స్టాఫ్ చాట్లు నేను చూడొచ్చా?" అని అడుగుతారు, రాసిపెట్టుకోండి. చాట్ల రికార్డు ఉంచాలనుకుంటే ఆఫీసు కీతో, స్టాఫ్‌కి తెరమీద కనిపించేలా ఉంచండి. దొంగచాటు తలుపు ఒక్కరికి పెట్టినా మీ యాప్ కథ ముగిసినట్టే.

మామూలు జనం చాటింగ్‌కి డబ్బు కట్టరు. ఏడాదికి ఒక డాలర్ అడిగిన వాట్సాప్ కూడా 2016 జనవరిలో ఆ రుసుము ఎత్తేసింది. ఫొటోలు పోతాయంటే మాత్రం కడతారు. సిగ్నల్ 2025 సెప్టెంబర్‌లో తెచ్చిన బ్యాకప్‌లో చివరి 45 రోజుల ఫొటోలు, వీడియోలు ఫ్రీ, 100 జీబీ కావాలంటే నెలకి 1.99 డాలర్లు. ఇదే నాకు నచ్చిన పద్ధతి, ఖర్చు ఎవరివల్ల పెరుగుతుందో వాళ్ళే కడతారు, లోపల ఏముందో మీరు చూడక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: యూపీఐలో కట్టిన మనిషి పేరు, అతని చాట్ అకౌంట్ డేటాబేస్‌లో ఒకే టేబుల్‌లో పెట్టారంటే ప్రైవసీ అక్కడే పోయింది. ఎన్‌క్రిప్షన్‌ని మాత్రం ప్రీమియం ప్లాన్‌లో దాచకండి, అది అందరికీ ఉండాల్సిందే.

విరాళాల మీద ఆశ పెట్టుకోకండి. సిగ్నల్ ఫౌండేషన్‌కి 2018లో వాట్సాప్ సహ వ్యవస్థాపకుడు బ్రయాన్ యాక్టన్ 5 కోట్ల డాలర్లు పెట్టాడు, మీకు అలాంటివాడు తెలిస్తే వేరే విషయం. సెక్షన్ 8 కంపెనీ (లాభాపేక్ష లేని సంస్థ) పెట్టొచ్చు గానీ విదేశీ విరాళాలకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి కావాలి. పెట్టుబడిదారుల దారిలో వెళ్తే చివరికి ఎవరో ఒకరు కొనేస్తారు. విక్‌ర్ అనే ఎన్‌క్రిప్టెడ్ చాట్ కంపెనీని 2021లో అమెజాన్ కొంది, మామూలు జనం వాడే విక్‌ర్ మీ 2023 చివర్లో మూతపడింది.

రిజిస్టరైన యూజర్లు 50 లక్షలు దాటితే 2021 ఐటీ రూల్స్ ప్రకారం కంప్లయన్స్, నోడల్, గ్రీవెన్స్ అధికారుల్ని పెట్టాలి, మెసేజ్ మొదట పంపిందెవరో చెప్పమనే నిబంధన కూడా మీద పడుతుంది. అది చాలా దూరంలే. ప్రస్తుతానికి ఏడాది చందా ముందే కట్టే ఆఫీసులు ఓ పది దొరికేదాకా ఫ్రీ ప్లాన్‌లో గ్రూప్ వీడియో కాల్స్ పెట్టకండి.