సోలార్ స్టిల్‌లో చుక్కలున్నాయి, సీసాలో నీళ్ళు లేవు

సోలార్ స్టిల్ అంటే ఎండకు ఉప్పునీళ్ళను ఆవిరి చేసి మంచినీళ్ళు పట్టే పెట్టె. నల్లరంగు వేసిన తొట్టిలో ఉప్పునీళ్ళుంటాయి, పైన వాలుగా అద్దం ఉంటుంది. ఆవిరి అద్దం లోపలివైపు నీరై, కింది అంచున ఉన్న గాడిలోకి జారి, గొట్టం గుండా సీసాలోకి వస్తుంది. "ఎండ మండిపోతోంది, నీళ్ళు మాత్రం పావు సీసానే" అని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒక్కటే: అద్దం పైవైపు తుడిచి ఎన్నాళ్ళయింది? "మొన్నేనండీ" అంటారు. వెళ్ళి చూస్తే దాని మీద వేలితో పేరు రాయొచ్చు. జాలారిపేటలోనైనా భీమిలిలోనైనా సముద్రపు గాలికి ఉప్పు పొర పట్టక మానదు. పొద్దున్నే మంచినీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవండి.

అయినా తక్కువేనా? తొట్టిలో నీళ్ళు 2 సెంటీమీటర్లు దాటాయేమో చూడండి. లోతు ఎక్కువైతే అవి వేడెక్కేసరికే పొద్దు వాలిపోతుంది. అద్దం వాలు 18 డిగ్రీలకు తగ్గకుండా, దక్షిణం వైపు ఉండాలి. చదరపు మీటరు తొట్టికి మంచి ఎండలో రోజుకు 2 నుంచి 4 లీటర్లు వస్తే బాగా పనిచేస్తున్నట్టే. పది లీటర్లు కావాలంటే లోపం స్టిల్‌లో లేదు.

అద్దం నిండా చుక్కలు, సీసా ఖాళీ

దీనితో నాకు ఒక వేసవి మొత్తం పోయింది. రసమట్టం పెట్టి గాడి వాలు సరిచేశాను, గొట్టం మార్చాను, ఫ్రేము విప్పి మళ్ళీ బిగించాను. చివరికి ఓ మధ్యాహ్నం పక్కనే కూర్చుంటే లోపల టప్, టప్ అని వినబడింది. చుక్కలు గాడిలోకి జారకుండా తిరిగి ఉప్పునీళ్ళలోనే పడుతున్నాయి.

కారణం అద్దం లోపలివైపు జిడ్డు. శుభ్రమైన అద్దం మీద ఆవిరి పలచటి పొరలా పరుచుకుని కిందికి జారుతుంది. జిడ్డుంటే ముత్యాల్లా నిలబడి, బరువెక్కి రాలిపోతుంది. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఆవిరి బయటికి పోకుండా అంచులకు సిలికాన్ (సందులు మూసే జిగురు) పెట్టి, మిగిలింది గుడ్డతో తుడుస్తూ అద్దమంతా పులిమేశాను. కంటికి మాత్రం తళతళలాడుతూ కనబడింది!

అద్దం బిగించే ముందు లోపలివైపు ఓ చెంబుడు నీళ్ళు పోయండి. పొరలా పరుచుకుంటే సరే. విడివిడి చుక్కలైతే గిన్నెలు తోమే పొడితో, మెత్తటి పీచుతో రుద్ది కడగండి. చేతి జిడ్డు దీనికి పోతుంది, సిలికాన్ ఒక పట్టాన వదలదు. అప్పుడు అద్దాన్ని తిరగేసి బిగించండి. నేను చేసింది అదే.

నీళ్ళు ఉప్పగా ఉన్నాయి

తొట్టి నింపేటప్పుడు గాడిలోకి చిందింది. నీళ్ళు పోసే గొట్టం తొట్టి అడుగు దాకా దించి మెల్లగా పోయండి. ఆ రోజు పట్టిన నీళ్ళు పారబోసి, మర్నాడు చూడండి.

తొట్టి నల్లరంగు పెచ్చులూడడం, అద్దం పగలడం ఎప్పుడో గానీ జరగవు, జరిగితే చూడగానే తెలుస్తాయి. కొత్త సిలికాన్ వెనిగర్ వాసన వేస్తుంది. అది పోయేదాకా వచ్చిన నీళ్ళు మొక్కలకు పోసేయండి.