పార్లర్‌కు వెళ్ళకుండా ఇంట్లోనే గోళ్ళను తీర్చిదిద్దుకోవడం ఎలా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో ఏ బ్యూటీ పార్లర్‌కు వెళ్ళినా మానిక్యూర్ పేరుతో జరిగే పని ఇంచుమించు ఒక్కటే. ముందు గోరువెచ్చని సబ్బునీళ్ళలో వేళ్ళు నానబెడతారు, తరువాత గోరు మొదట్లో ఉన్న చర్మాన్ని కత్తిరిస్తారు, ఆ పైన చేతులు రుద్ది రంగు వేస్తారు. వీటిలో మొదటి రెండు పనులు చేయకపోవడమే మేలు, చివరి రెండింటికీ పార్లర్ అవసరం లేదు. మా చుట్టాలలో ఏ పెళ్ళి కుదిరినా పెళ్ళికూతురి చేతులను సిద్ధం చేసే బాధ్యత పదిహేనేళ్ళుగా నా మీదే పడుతోంది. డబ్బు మిగుల్చుకుందామని ఇంట్లో మొదలుపెట్టి, పార్లర్‌లో చూసిన తప్పులనే మళ్ళీ చేసి, వాచిన వేలితో నా దగ్గరకు వచ్చినవారు కూడా తక్కువేమీ కాదు.

కావలసినవి కొన్నే. నెయిల్ కట్టర్, అట్టకు గరుకు కాగితం అంటించిన ఆకురాయి, చివర మొద్దుగా ఉన్న చెక్కపుల్ల, పాత నూలుగుడ్డ, దూది, పాత రంగును తీసే రిమూవర్, కొబ్బరినూనె, రంగుకు ముందు అడుగున వేసే బేస్ కోట్, నచ్చిన రంగు, రంగు మీద చివరగా వేసే టాప్ కోట్ ఉంటే చాలు. చిన్నబజారులోని ఏ ఫ్యాన్సీ దుకాణంలోనైనా ఇవి దొరుకుతాయి, ఒకసారి పార్లర్‌కు ఇచ్చే డబ్బుతో కొన్నవి చాలా నెలలు వస్తాయి. ఇనుప ఆకురాయిని మాత్రం కొనకూడదు. కొబ్బరినూనె గానుగలో ఆడించినదే కావాలి, డబ్బా నూనెతో నాకు ఎన్నడూ తృప్తి కలగలేదు.

మొదటి పనులు

పాత రంగు ఉంటే, రిమూవర్‌లో తడిపిన దూదిని గోటి మీద పది సెకన్లు అదిమి ఉంచి, ఆ తరువాత మొదలు నుంచి కొన వైపు ఒక్కసారి లాగితే వచ్చేస్తుంది. అటూ ఇటూ రుద్దితే రంగు చుట్టూ ఉన్న చర్మానికి పులుముకుంటుంది. రిమూవర్‌కు నిప్పు ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని పొయ్యి దగ్గరా, దీపం దగ్గరా పెట్టుకోకూడదు. గోళ్ళను పొడిగా ఉన్నప్పుడే కత్తిరించి, ఆకురాయిని పక్కల నుంచి మధ్యకు ఒకే దిశలో నడపాలి. రంపంలాగా ముందుకూ వెనక్కూ లాగితే గోటి కొన పొరలు పొరలుగా చీలుతుంది. ఆకారం గుండ్రంగానే ఉండాలి. చేత్తో అన్నం కలుపుకొనే మనకు కొనదేలిన గోళ్ళు ఎందుకూ పనికిరావు.

రుద్దడానికి సున్నిపిండి సరిపోతుంది. ఈ సందర్భంలో నిమ్మచెక్క గురించి ఒక మాట చెప్పక తప్పదు. గూడూరు, పొదలకూరు వైపు నిమ్మతోటలు ఉండడం వల్ల మా ప్రాంతంలో ప్రతి ఇంట్లోనూ నిమ్మకాయలు ఉంటాయి, పిండిన చెక్కను పారవేయడానికి మనసొప్పక గోళ్ళకూ చేతులకూ రుద్దుకొనే అలవాటు కూడా అలాగే ఉంది. నిమ్మరసం గోటిని పొడిబారుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ రసం అంటిన చర్మానికి ఎండ తగిలితే మంట పుట్టి, ఒక్కోసారి బొబ్బలు లేచి, నెలల తరబడి పోని నల్లమచ్చలు మిగులుతాయి. మన ఎండలకు ఆ ప్రయోగం తగదు. పసుపుపచ్చబడిన గోళ్ళను తెల్లబరచడానికే నిమ్మకాయ అనేవారు, బేస్ కోట్ లేకుండా ముదురు రంగులు వేయడం వల్ల ఆ మరక పడిందని గ్రహిస్తే చాలు. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి, ఆరు నెలలలో ఆ మరక గోటితోపాటు తెగిపోతుంది.

అసలు చిక్కు: గోరు మొదట్లోని చర్మం

అందరూ పాడుచేసేది ఈ మెట్టునే కనుక, దీనిని చదవకుండా రంగు వేయడానికి వెళ్ళకూడదు.

గోరు మొదట్లో కనిపించే చర్మం అంతా ఒకటే అనుకోవడంతో పొరపాటు మొదలవుతుంది. అక్కడ ఉన్నవి రెండు. ఒకటి వేలి చర్మం గోటి మీదికి వచ్చి ముగిసే మడత, అది ప్రాణమున్న చర్మం, కోస్తే రక్తం వస్తుంది. రెండవది ఆ మడత కింద నుంచి గోటిని అంటిపెట్టుకొని ముందుకు వచ్చే ఉల్లిపొర వంటి సన్నని పొర, అది మృతచర్మం, క్యూటికల్ అనే పేరు నిజానికి దానికే చెల్లుతుంది. మనం తీయవలసింది ఈ రెండవదానిని మాత్రమే. మొదటిది గోటికీ వేలికీ మధ్య నీళ్ళూ సూక్ష్మక్రిములూ దూరకుండా కాపాడే మూత లాంటిది. అందం కోసం ఆ మూతను కత్తిరిస్తే, రెండు మూడు రోజులలో వేలి చివర ఎర్రబడి, వాచి, చీముపట్టి గోరుచుట్టు లేస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అని సామెత పుట్టడానికి ఆ నొప్పే కారణమని, ఒక పెళ్ళికి ముందు పార్లర్‌లో రెండు వేళ్ళకు చర్మం కత్తిరించుకున్నప్పుడు నాకు బాగా తెలిసివచ్చింది. నిమ్మకాయకు చిల్లు పెట్టి ఆ వేలికి తొడిగినా వాపు తగ్గలేదు, చివరకు డాక్టరు చీము తీయవలసివచ్చింది. అప్పటి నుంచి చర్మం కత్తిరించే పరికరాన్ని మా ఇంటి గడప దాటి లోపలికి రానివ్వలేదు.

ఇక చేసే పద్ధతి. స్నానం చేసి వచ్చిన తరువాత చేతులు పూర్తిగా తుడుచుకొని ఈ పని మొదలుపెట్టాలి, విడిగా గిన్నెలో నానబెట్టకూడదు. గోరు నీళ్ళు పీల్చుకొని కొద్దిగా ఉబ్బుతుంది. ఉబ్బిన గోటి మీద రంగు వేస్తే, అది ఆరి మళ్ళీ ముడుచుకున్నప్పుడు పైనున్న రంగు పట్టు తప్పి పెచ్చులుగా లేస్తుంది. పార్లర్‌లో వేయించిన రంగు నాలుగు రోజులకే ఎందుకు ఊడుతోందని అడిగేవారికి ఆ నీళ్ళగిన్నెను చూపించవలసి ఉంటుంది. స్నానం తరువాత అరగంట ఆగితే, చర్మం మెత్తగానే ఉంటుంది కానీ గోరు మామూలు స్థితికి వస్తుంది.

ఒక్కొక్క గోటి మొదట్లో ఒక్కొక్క చుక్క కొబ్బరినూనె వేసి, రెండవ చేతి బొటనవేలితో మెల్లగా గుండ్రంగా రాయాలి. అయిదు నిమిషాలు ఆగాలి, ఈ అయిదు నిమిషాలకు ఓర్చుకోలేనివారే తరువాత బలం ఉపయోగిస్తారు. చెక్కపుల్ల చివరకు నూలుగుడ్డ చుట్టి, పుల్లను నిలువుగా కాక దాదాపు గోటి మీద పడుకోబెట్టినట్లు పట్టుకొని, ఆ సన్నని పొరను వెనక్కు జరపాలి. పాలమీద మీగడను వేలితో పక్కకు జరపడానికి ఎంత బలం కావాలో అంతే చాలు. ఒక పక్క నుంచి మొదలుపెట్టి చిన్న చిన్న కదలికలతో రెండవ పక్కకు చేరాలి. ఊడివచ్చిన పొట్టును గుడ్డతో తుడవాలి. ఊడిరానిది ఇంకా ఊడే దశకు రాలేదని తెలుసుకొని వచ్చే వారానికి వదిలివేయాలి.

గోటి మొదట్లో తెల్లగా అర్ధచంద్రాకారంలో కనిపించే భాగం మీద పుల్లను ఒత్తకూడదు. కొత్తగోరు తయారయ్యే చోటు అదే, మిగతాది చర్మం లోపల ఉంటుంది. అక్కడ దెబ్బ తగిలితే ఆ రోజు ఏమీ తెలియదు, కొన్ని వారాల తరువాత గోటి మీద అడ్డగీతలూ గుంటలూ బయటపడతాయి, అప్పటికి ఎవరికీ కారణం గుర్తుండదు. నొప్పి అనిపించినా, చర్మం ఎర్రబడినా, ఆ వేలిని వదిలి తరువాతి వేలికి వెళ్ళాలి. గోటి పక్కన లేచిన చర్మపు పీలికను పళ్ళతో గానీ చేత్తో గానీ లాగకూడదు, స్పిరిట్‌తో తుడిచిన కట్టర్‌తో లేచినంత మేరకే కత్తిరించాలి. ఒకరికి వాడిన పుల్లను ఇంకొకరికి వాడకుండా పారవేయాలి.

చక్కెర వ్యాధి ఉన్నవారూ, వేళ్ళ చివర ఇప్పటికే వాపు ఉన్నవారూ ఈ మెట్టును పూర్తిగా వదిలివేసి నూనె రాసుకోవడంతో ఆగాలి. మన కోస్తా పొడవునా రొయ్యల షెడ్లలో తలలు తీసే, పెంకు వలిచే ఆడవాళ్ళ చేతులు రోజంతా తడిలోనే ఉంటాయి. ఆ తడికి గోటి మొదట్లోని మూత ముందే సడలిపోయి ఉంటుంది కనుక, వారు పుల్ల ముట్టుకోకపోవడం మంచిది. రాత్రి పడుకొనే ముందు చేతులు ఆరబెట్టుకొని నూనె రాసుకుంటే వారికి అంతకు మించిన మానిక్యూర్ లేదు.

రంగు

ఇంతవరకు రాసిన నూనె గోటి మీద ఏ కాస్త మిగిలినా రంగు నిలవదు. అందువల్ల రిమూవర్ అద్దిన దూదితో ప్రతి గోటినీ ఒకసారి తుడవాలి. సీసాను ఊపితే బుడగలు పుడతాయి, రెండు అరచేతుల మధ్య దొర్లించాలి. ముందుగా ఎడమచేత్తో కుడిచేతికి వేయాలి, కష్టమైన పని ఓపిక ఉండగానే అయిపోవాలి. ఎడమచేతివాటం వారు దీనిని తిరగవేసి చదువుకోవచ్చు. బేస్ కోట్ ఆరిన తరువాత మధ్యలో ఒక గీత, పక్కల రెండు గీతలు, అంతకు మించి కుంచె ఆడించకూడదు. చర్మానికీ రంగుకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ వదిలి, గోటి కొన అంచుకు కూడా కొంచెం రంగు తాకించాలి. ఒక మందమైన పూతకంటే అయిదారు నిమిషాల ఎడంతో రెండు పలుచని పూతలు ఎక్కువ రోజులు నిలుస్తాయి. ఆ పైన టాప్ కోట్.

ఇదంతా రాత్రి భోజనం అయిన తరువాతే చేయాలి. ముట్టుకుంటే ఆరినట్లు అనిపించినా రంగు లోపల గట్టిపడడానికి గంటలు పడుతుంది, పప్పులోని పసుపు లేతరంగులను వెంటనే పట్టుకుంటుంది. జెల్ పాలిష్ అయితే ఈ బాధ లేదని నాకు చెప్పేవారు, దానిని ఆరబెట్టడానికి అతినీలలోహిత దీపమూ, తీయడానికి పది పదిహేను నిమిషాలు అసిటోన్‌లో నాననివ్వడమూ అవసరమనే సంగతి చెప్పరు. ఆ ఓపిక లేక గిల్లి పీకితే గోటి పైపొర కూడా దానితోపాటు వస్తుంది.

రంగులే వద్దనుకొనేవారికి పెరటి గోరింటాకు ఉంది. అందులోని ఎర్రని పదార్థం గోటిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌తో కలిసిపోతుంది కనుక పెచ్చులు లేచే ప్రసక్తి లేదు, గోరు పెరిగి తెగిపోయేదాకా ఆ ఎరుపు ఉంటుంది. రుబ్బిన ముద్దను ఆషాఢంలో పెట్టుకున్నట్లే రాత్రంతా ఉంచుకోవాలి. సంచులలో అమ్మే నల్ల గోరింటాకును మాత్రం కొనకూడదు, వాటిలో తరచుగా జుట్టురంగులో వాడే రసాయనాన్ని కలుపుతారు, అది కొందరి చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.

వేసిన రంగు మీద మూడు రోజులకొకసారి ఒక పలుచని టాప్ కోట్ వేసుకుంటూ ఉండాలి. కొన దగ్గర చిన్న పెచ్చు లేస్తే గిల్లకుండా, ఆకురాయితో ఆ అంచును నునుపు చేసి, ఒక్క చుక్క రంగు అద్దితే సరిపోతుంది. వారం దాటిన తరువాత మొత్తం తీసివేసి, రెండు రోజులపాటు గోళ్ళను ఏ రంగూ లేకుండా, నూనె మాత్రమే రాసి ఉంచాలి.