చేసి చూద్దాం - 4వ పాఠం: అంతరిక్షంలో బీడీ వెలుగుతుందా?

పోయిన పాఠంలో దారానికి రాయి కట్టి, గడియారం లేకుండా సెకను కొలిచాం. దారం దాదాపు మీటరు పొడవుంటే రాయి ఆ చివర నుంచి ఈ చివరకు రావడానికి సెకను పడుతుందని చూశారు కదా. ఆ దారం పారేయకండి, మళ్లీ పనికొస్తుంది.

ఈసారి ప్రశ్న నాకు అలిపిరిలో దొరికింది. కొండకు పోయే బ్యాగులు తనిఖీ చేసే చోటికి కాస్త ఇవతల, టీ బంకు దగ్గర ఒక పెద్దాయన బీడీ కాలుస్తున్నాడు. పైకి బీడీ, సిగరెట్, గుట్కా ఏవీ పోనివ్వరు. మిగిలిన కట్ట బంకాయన చేతిలో పెట్టేసి నావైపు తిరిగాడు. "కొండమీద తాగకూడదు, బస్సులో తాగకూడదు, ఇంట్లో మనవరాలు ఊరుకోదు. రాకెట్లో పోయేవాళ్లయినా తాగొచ్చునా సామీ?"

నేను నోరు తెరిచేలోపే బంకాయన తేల్చేశాడు. "ఆడ గాలే లేదు తాతా, అగ్గిపుల్ల ఎట్ల వెలుగుతుంది?"

తప్పు కాదు గానీ అది సగం జవాబే. "కుదురుతుందా?" అని ఎవరైనా అడిగితే ముందు "ఎక్కడ?" అని తిరిగి అడగాలి. ఈ పాఠంలో చేయాల్సిన సాధన అదే. నోటుబుక్కులో మూడు చోట్లు రాసుకోండి: నౌక బయట, వ్యోమగామి సూటు లోపల, అంతరిక్ష కేంద్రం లోపల.

బయటి సంగతి బంకాయన చెప్పిందే. ఆక్సిజన్ లేదు, పొగాకు కాలదు. మరి శ్రీహరికోట నుంచి లేచే రాకెట్? 2022 నుంచి అది మన తిరుపతి జిల్లాలోదే కాబట్టి మనం అడగకపోతే ఎవరడుగుతారు! పీఎస్‌ఎల్‌వీ మూడో దశలో ఉండేది ఘన ఇంధనం. వాతావరణం దాటాక కూడా భేషుగ్గా మండుతుంది. ఎందుకంటే అమ్మోనియం పెర్‌క్లోరేట్ అనే రసాయనం రూపంలో తనకు కావలసిన ఆక్సిజన్ తనే మోసుకుపోతుంది. చిచ్చుబుడ్డిలో సూరేకారం చేసేదీ ఆ పనే. పొగాకుకు ఆ చద్దిమూట లేదు.

సూటు లోపల ఆక్సిజన్‌కు కొదవలేదు, దాదాపు అంతా అదే. చెయ్యి మాత్రం నోటిదాకా పోదు. పోయినా అది చావును కొనితెచ్చుకోవడమే. 1967 జనవరి 27న అమెరికా వాళ్ల వ్యోమనౌక అపోలో 1 క్యాబిన్‌ను స్వచ్ఛమైన ఆక్సిజన్‌తో నింపి నేలమీదే పరీక్షిస్తుండగా నిప్పంటుకుని గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ చనిపోయారు. రెండో చోటు గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అసలు పాఠం మూడో చోట ఉంది. అంతరిక్ష కేంద్రంలో గాలి మన ఇంట్లో గాలిలాంటిదే, ఆక్సిజన్ సుమారు 21 శాతం, పీడనమూ అంతే. అయినా అక్కడ మంట మన మంటలా ఉండదు. ఎలా ఉంటుందో ఇంట్లోనే చూడొచ్చు.

ముందు ఒక అగరుబత్తి వెలిగించి, చపాతీ పిండి ముద్దలో గుచ్చండి. స్ట్రాతో కొస మీదికి మెల్లగా ఊదండి. నిప్పు ఎర్రగా కళ్లు తెరుస్తుంది. ఊదడం ఆపితే బూడిద రంగుకు తిరుగుతుంది. నిప్పుకు గాలి ఉంటే చాలదు, తాజా గాలి వస్తూ ఉండాలి. మామూలుగా ఆ పని ఎవరు చేస్తున్నారు? వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి చల్లగాలి వస్తుంది. దీపం కొస పైకి సాగేదీ అందుకే. అంతరిక్ష కేంద్రంలో పైనా లేదు, కిందా లేదు.

అక్కడ గురుత్వాకర్షణే లేదనుకోకండి. 400 కిలోమీటర్ల ఎత్తులో కూడా ఇక్కడి దాంట్లో 90 శాతం దాకా ఉంటుంది. ఆ కేంద్రం భూమి చుట్టూ తిరుగుతూ నిరంతరం పడుతూనే ఉంది, అంతే. కాబట్టి మీరు ఒక డబ్బాను పడేస్తే, అది నేల తాకేదాకా అందులో ఉన్నది అంతరిక్ష కేంద్రమే.

మురుకులు పోసుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బా, మూత బిగుసుకునేది తీసుకోండి. కేకు మీద పెట్టే చిన్న కొవ్వొత్తిని అడుగున మధ్యలో అతికించండి. ఆ డబ్బా, దానికి ఎదురుగా వీడియో తీస్తున్న పాత ఫోన్, రెండూ ఒకే అట్టపెట్టెలో కదలకుండా టేపుతో బిగించండి. ఫోన్ కూడా మంటతోపాటే పడుతుంది కాబట్టి వీడియోలో మంట ఒకేచోట నిలిచి కనిపిస్తుంది. గదిలో లైటు ఆర్పి, కొవ్వొత్తి వెలిగించి, మూత బిగించి, ఆలస్యం చేయకుండా రెండు మీటర్ల ఎత్తు నుంచి పరుపు మీదికి వదిలేయండి. పక్కన బకెట్ నీళ్లు ఉండాలి, పిల్లలైతే పెద్దవాళ్లు కూడా ఉండాలి. ఫోన్ పగిలితే నన్నడగొద్దు.

మొదటిసారి నేను మూత పెట్టకుండా వదిలాను. మంట టప్పున ఆరిపోయింది. "చూశారా, అంతరిక్షంలో మంట ఆరిపోతుంది" అని ఇంట్లో అందరికీ చెప్పేశాను కూడా. ఆర్పింది పడేటప్పుడు కొట్టిన గాలి! మూత పెట్టి మళ్లీ చేస్తే ఆరలేదు. పసుపు రంగు కొస ముడుచుకుని, మంట పొట్టిగా, గుండ్రంగా, మసక నీలంగా మారింది.

ఎంతసేపు చూశారో లెక్క కట్టండి. ఎత్తును రెండింతలు చేసి, 9.8తో భాగించి, వర్గమూలం తీయాలి. రెండు మీటర్లకు 0.64 సెకను వస్తుంది. సెకనుకు 30 ఫ్రేములు తీసే ఫోన్‌లో 19 ఫ్రేములు, 240 తీసే స్లోమోషన్‌లో 150 పైచిలుకు. అమెరికాలోని క్లీవ్‌ల్యాండ్‌లో నాసా ఇదే పనిని గాలి తోడేసిన బావిలో, 132 మీటర్ల లోతుకు చేస్తుంది. వాళ్లకు దొరికేది 5.18 సెకన్లు. మీ లెక్కలో వేసి సరిచూసుకోండి, వందో వంతు అటూ ఇటూ వస్తుంది.

ఇప్పుడు పెద్దాయన బీడీకి వద్దాం. కేంద్రం లోపల అది వెలుగుతుంది. పైకి లేచే గాలి లేకపోయినా పీల్చడమే స్ట్రాతో ఊదినంత పని చేస్తుంది, పైగా అక్కడ ఫ్యాన్లు గాలిని ఎప్పుడూ కదుపుతూనే ఉంటాయి. పొగ మాత్రం పైకప్పుకు చేరదు, ఫ్యాన్ ఎటు లాగితే అటు పోతుంది. అందుకే పొగను పసిగట్టే పరికరాలను గాలి పోయే దారుల్లో పెడతారు. రాలిన నిప్పురవ్వ కింద పడదు, ఎక్కడ తేలుతుందో తెలియదు. అలిపిరి కంటే గట్టి కట్టడి అక్కడుంది. 1997 ఫిబ్రవరిలో మీర్ అనే రష్యా అంతరిక్ష కేంద్రంలో ఆక్సిజన్ తయారుచేసే డబ్బా ఒకటి అంటుకుని, ఆరుగురూ మాస్కులు తగిలించుకుని పొగలో తడుముకోవాల్సి వచ్చింది. ఆ డబ్బాలో ఉన్నదీ పెర్‌క్లోరేట్ జాతిదే, లిథియం పెర్‌క్లోరేట్.

ఇంటిపని: ఒక మీటరు ఎత్తు నుంచి ఒకసారి, రెండు మీటర్ల నుంచి ఒకసారి వదిలి, మంట పూర్తిగా గుండ్రం కావడానికి ఎన్ని ఫ్రేములు పట్టిందో రాయండి. ఎత్తు రెట్టింపైతే సమయం కూడా రెట్టింపవుతుందా? లెక్క వేసే ముందు మీ ఊహ ఒకటి పక్కన రాసి పెట్టుకోండి. వచ్చే పాఠానికి రెండు బెలూన్లు, ఒక సైకిల్ పంపు, ఆ పాత దారం కావాలి.